మాటు వేయదగిన పళ్ళెము

అమెరికాలో బిడ్డల యిండ్లకు పోయివచ్చినవారికి అచటి స్నానపుగది పరిచితమే. షవరు క్రింద మనవలె గచ్చు గాని బండలు గాని కాక, పెక్కు యిండ్లలో ఫైబర్‌గ్లాసుతోనో ఆక్రిలిక్‌తోనో చేసిన పళ్ళెమొకటి యుండును. అది బీటవారెనా, మార్చుటొక్కటే మార్గమని పనివారు తీర్పు చెప్పుదురు. మా అబ్బాయి యింట నేనును ఆ తీర్పే వింటిని, ఒప్పుకొనలేకపోతిని. పళ్ళెము మార్చుటనగా గోడ అడుగుభాగము ఊడదీయుట, మురుగుగొట్టపు అతుకు విప్పుట. జానెడు బీటకు ఇంత విధ్వంసమా? సత్తుబిందెకు మాటు వేయించుకొని ఏండ్ల తరబడి వాడినవారము మనము.

అయితే పైపైన సిలికాన్ పులుమువారితోను నాకు పేచీయే. పళ్ళెము పగులుట సాధారణముగా అడుగున ఆధారము చాలకనే. కాలు మోపినప్పుడెల్ల అది క్రుంగి లేచును. ఆ కదలిక యున్నంతకాలము ఏ పూతయు నిలువదు. కనుక ముందు ఆ బోలు నింపవలెను. చిన్నరంధ్రము ద్వారా తక్కువగా ఉబ్బెడి నురుగును లోనికి పంపవలెను; ఎక్కువగా ఉబ్బునది పళ్ళెమునే పైకెత్తివేయును. బీట పాకకుండుటకు దాని రెండు కొనలయందు సన్నని చిల్లులు పెట్టవలెను. (పగిలినదానికి చిల్లు పెట్టుట వైద్యమా యని మా కోడలు నవ్వినది!) తడి పూర్తిగా ఆరినపిదప గరుకుకాగితముతో రుద్ది, తుడిచి, ఫైబర్‌గ్లాసు గుడ్డను ఎపాక్సీతో అతికించి, నునుపుచేసి పైపూత వేయవలెను. తుడుచుటకు అసిటోన్ ఫైబర్‌గ్లాసుకు సరియే గాని ఆక్రిలిక్‌ను కరగించును. డబ్బాపై వ్రాసిన గడువు తీరువరకు నీరు తగులరాదు.

క్రింది కొయ్య మెత్తబడి, దిగువ అంతస్తు కప్పున మరక తేలినదా, అప్పుడు నేనును పనివారి పక్షమే. కుళ్ళిన కొయ్యపై మాటు వేయుట కూడదు.