మా వీడియోలో కనపడిన పిల్లి ఏ బ్రీడు అని అడిగినోళ్లకు



పోయిన వీడియోలో కొర్ర విత్తనానికి బీజామృతం పట్టించేది చూపించినా. దాని తర్వాత వచ్చిన ఫోన్లలో సగం బీజామృతం గురించి కాదు, నా వెనక సంచుల మీద కాళ్లు చాపి పండుకున్న పిల్లి గురించి. "అన్నా, అది ఏ బ్రీడు? ఎంతకు తెచ్చినారు?" అని. హైదరాబాద్ దగ్గర తోట కొన్న ఒకాయన అయితే, పర్షియన్ తీసుకోవాలా, మెయిన్ కూన్ తీసుకోవాలా అని అరగంట మాట్లాడినాడు. ఒక్కొక్కరికి చెప్పేదానికన్నా రాసేస్తే మేలని రాస్తున్నా.

అది నాటు పిల్లి. మా వీధిలోనే పుట్టింది. ఒట్టి చేతుల్తో తేకూడదని అమ్మ అంటే రెండు శేర్ల బుడ్డలు ఇచ్చి తెచ్చుకున్నాం.

మాది కైరుప్పల, ఆస్పరి మండలం. ఊరి పేరు చెబితే చాలామంది పిడకల సమరం అంటారు. ఉగాది మరుసటి రోజు వీరభద్రస్వామి వైపు కొందరు, కాళికాదేవి వైపు కొందరు నిలబడి పిడకలు విసురుకునే పండగ. దానికోసం ముందు నుంచే పిడకలు కుప్ప పెడతాం. టీవీలో ఆ ఒక్కరోజే చూపిస్తారు. ఆ కుప్ప ఎలుకలకు ఎంత వెచ్చని ఇల్లో చూపించరు. కుప్ప పక్కన కొట్టం, కొట్టంలో నా విత్తనం. కొర్ర, తెల్లజొన్న, కంది, బుడ్డలు. కంపెనీ ప్యాకెట్ అయితే ఎలుక కొట్టినా ఆదోనికి పోయి ఇంకోటి తెచ్చుకుంటాం. ఏళ్ల తరబడి చేన్లో ఏరి పెట్టుకున్న విత్తనం ఏ అంగట్లో దొరుకుతుంది?

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాల. చేన్లో చుక్క మందు కొట్టనని వీడియోల్లో చెప్పే నేనే, ఒక ఏడాది బుడ్డల సంచులు ఎలుకలు కొరికేస్తుంటే తట్టుకోలేక కొట్టంలో ఎలుకల మందు బిళ్లలు పెట్టినా. బ్రోమాడయోలోన్ అంటారు దాన్ని. తిన్న ఎలుక అప్పటికప్పుడు చావదు. లోపల రక్తం గడ్డ కట్టకుండా పోయి, నాలుగైదు రోజులు మత్తుగా తిరిగి చస్తుంది. ఆ మత్తుగా తిరిగే ఎలుకే పిల్లికి సులువుగా దొరికేది. మా అవ్వ పిల్లి అట్లనే తినింది. రెండు రోజులు మంచం కింద నుంచి బయటికి రాలేదు. నోరు తెరిచి చూస్తే చిగుళ్లు సున్నం మాదిరి తెల్లగా ఉన్నాయి. వేళకు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయి విటమిన్ కె వేయించి ఉంటే బతికేదేమో. నాకప్పుడు తెలీదు. అవ్వ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే బాధ.

తర్వాత మా పాప ఫోన్లో చూసి, పర్షియన్ పిల్లి కావాలని పట్టుబట్టింది. తొమ్మిది వేలు పెట్టి కొన్నాం. ముద్దుగా ఉండేది, కాదనను. కానీ ఏప్రిల్ వచ్చేసరికి మా వైపు ఎండ నలభై దాటుతుంది. మూతి లోపలికి నొక్కుకుపోయిన పిల్లి అది, ఊపిరి ఆడక నోరు తెరుచుకుని రొప్పేది. కళ్ల నుంచి ఎప్పుడూ నీళ్లు. గుమ్మం దాటితే బొచ్చు నిండా పల్లేరుకాయలు, రోజూ దువ్వకపోతే బొచ్చంతా ఉండలు కట్టేది. ఎలుక ఎదురుగా పోతే తల తిప్పి చూసి మళ్లీ పండుకునేది. దాని తప్పేమీ లేదు. లండన్‌లో 1871లో క్రిస్టల్ ప్యాలెస్‌లో పెద్ద పిల్లుల ప్రదర్శన పెట్టినప్పటి నుంచి, మూతి, బొచ్చు, రంగు చూసి బహుమతులిస్తూ ఇట్లాంటి జాతుల్ని పెంచుతూ వచ్చినారు. ఎలుక పట్టేదానికి ఎవరూ బహుమతి ఇవ్వలేదు. ఆఖరికి దాన్ని బెంగళూరులో మా బావ వాళ్లింటికి పంపినాం. ఫ్లాట్‌లో చల్లగా ఉండాది, రోజూ దువ్వే మనిషి ఉన్నారు. అట్ల చూసుకునే ఓపిక ఉన్నోళ్లు పెంచుకోవచ్చు.

ఇంకో ముచ్చట. బాంబే క్యాట్ అని ఒకటుంది, నల్లగా నిగనిగలాడతా ఉంటుంది. మన దేశందే కదా అన్నా అని ఒకరు అడిగినారు. దాన్ని తయారు చేసింది అమెరికాలో. మన నల్ల చిరుత మాదిరి ఉందని ఆ పేరు పెట్టినారు, అంతే.

నాటు ఆవు అంటాం, నాటు విత్తనం అంటాం. పిల్లి దగ్గరికి వచ్చేసరికి బ్రీడు ఏందని అడుగుతాం! పిల్లిని ఎవరూ అడవి నుంచి తాడు కట్టి తేలేదు. మనిషి గింజ దాచడం మొదలుపెట్టినాడు, గింజకు ఎలుక వచ్చింది, ఎలుక కోసం పిల్లి వచ్చింది. సైప్రస్ దీవిలో 9,500 ఏళ్ల నాటి గోరీలో మనిషి పక్కనే పిల్లిని కూడా పూడ్చిపెట్టి ఉండేది తవ్వకాల్లో దొరికింది. మన వీధిలో తిరిగేది ఆ వరసలో వచ్చిందే.

అయితే నాటుదైతే చాలని ఏదో ఒకటి పట్టుకొచ్చుకుంటే కుదరదు. అవ్వ చెప్పే మాట ఒకటే, తల్లిని చూసి తెచ్చుకోవాల. తల్లి సగం చచ్చిన ఎలుకను పిల్లల ముందర వదిలి నేర్పిస్తుంది. ఆ చదువు కాకముందే పాలసీసాతో పెంచిన పిల్ల చాలాసార్లు వేటలో వెనకబడుతుంది. రెండు నెలలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచి తర్వాత తెచ్చుకోండి. తల్లి ఏడిళ్లు తిప్పుతుంటే తిప్పనీ, ఓపిక పట్టండి. పిల్ల కళ్లలో పుసులు ఉండకూడదు, చెవుల్లో నల్లటి మడ్డి ఉండకూడదు. తెల్ల పిల్లికి నీలి కళ్లుంటే వెనక నుంచి చప్పట్లు కొట్టి చూడండి, అట్లాంటి వాటిలో చెవుడు ఎక్కువ. ఒంటి మీద తెలుపు, నలుపు, ఎరుపు మూడూ ఉంటే దాదాపు ఆడదే. నేనైతే ఆడదాన్నే తెమ్మంటా. మగది ఎదిగినాక ఊరంతా తిరుగుతుంది, కొట్లాడి చెవులు చింపుకొని వస్తుంది. అయిదారు నెలలకు ఆపరేషన్ చేయించండి, లేకుంటే ఏడాదిలో ఎన్ని పిల్లలవుతాయో లెక్క ఉండదు. రేబిస్ టీకా మరవద్దు, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటారు.

పస్తు పెడితే బాగా ఎలుకలు పడుతుందనేది వట్టి మాట. ఆకలైన పిల్లి పక్కింటి అటక ఎక్కుతుంది. అట్లని పాలన్నం ఒక్కటే పెట్టినా చాలదు. టారిన్ అనే పోషకం దానికి మాంసం నుంచే రావాల, అది లేకపోతే చూపు పోతుంది.

పిల్లి ఉంటే ఎలుకలన్నీ పోతాయని మాత్రం నేను చెప్పను. పందికొక్కు జోలికి మా పిల్లి పోదు. న్యూయార్క్‌లో ఒక చెత్త కేంద్రంలో కెమెరాలు పెట్టి చూసినారు, 2018లో ఆ ఫలితాలు వచ్చినాయి. పిల్లులు పట్టిన పెద్ద ఎలుకలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. చుంచెలుకలకు, ఎలుక పిల్లలకు పిల్లి సరిపోతుంది. పెద్దవాటికి బోను పెట్టాల, సంచులు నేల మీద కాకుండా బల్ల మీద ఎక్కించాల. మా కొట్టం బల్ల వీడియోలో ఆరో నిమిషం దగ్గర కనపడుతుంది.

చేన్లోకి మాత్రం పిల్లిని అలవాటు చేయొద్దు. పురుగులు ఏరుకుతినే పిట్టల కోసం మనమే కొయ్యలు నాటి, ఆ పిట్టల్నే పిల్లికి పెడితే ఎట్ల? చేన్లో ఎలుకలకు గుడ్లగూబ ఉంది, జెర్రిపోతు ఉంది. జెర్రిపోతును చంపకుండా వదిలితే చాలు.

మా పిల్లి పిడకల కుప్ప వెనక మూడు పిల్లల్ని పెట్టింది. దీని తర్వాత దానికి ఆపరేషన్ చేయిస్తున్నాం. రెండు నెలలు నిండినాక రెండింటిని ఇస్తాం, డబ్బులొద్దు. అడిగేది ఒకటే. మీ ఇంట్లో, మీ పక్కింట్లో ఎలుకల మందు పెడుతున్నారా? ఆ సంగతి కనుక్కొని ఫోన్ చేయండి.