నలభై దాటిన కన్ను ఏ లెక్కలోకి వస్తుంది?

ఉచిత కంటి పరీక్షకు, ఉచిత కళ్లద్దాలకు అర్హులెవరు? ఈ ప్రశ్న మన తండాల్లో, ఎరుకల వాడల్లో ఎవరూ పైకి అడగరు. అడగకముందే జవాబు తెలిసిపోయినట్టు ఉంటుంది: బడికి పోయే పిల్లలు, పింఛను తీసుకునే ముసలివాళ్లు. మరి మధ్యలో ఉన్నవాళ్లు? పార పట్టేవాళ్లు, సూది పట్టేవాళ్లు, బుట్ట అల్లేవాళ్లు, బెంగుళూరులో మేస్త్రి కింద ఇటుకలు మోసేవాళ్లు? వాళ్లకూ కళ్లున్నాయని పథకం రాసేవాళ్లకు గుర్తు రాదు. కంటి పరీక్షకు వయసు, కార్డు, తేదీ అని మూడు గేట్లు పెట్టడమే తప్పు అని నా వాదన. ఆ మూడు గేట్ల దగ్గరా ముందు ఆగిపోయేది మనమే.

కంటి వెలుగు మన గడ్డ మీదే పుట్టింది. 2019 అక్టోబరు 10న, ప్రపంచ దృష్టి దినం నాడు, అనంతపురంలో ఆ పథకాన్ని మొదలుపెట్టారు. అప్పటికి బుక్కపట్నం కూడా అనంతపురం జిల్లాలోదే; శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్ 4న గానీ ఏర్పడలేదు. మూడేళ్లు, ఆరు దశలు, 560 కోట్ల రూపాయలు, రాష్ట్రంలోని 5 కోట్ల 40 లక్షల మందికీ పరీక్షలు. ఇదీ ఆనాడు ఇచ్చిన మాట. మంచి మాటే. అందులో 'అందరికీ' అన్న ముక్క ఉంది. కానీ దశలు చూడండి. మొదట బడిపిల్లలు, సుమారు 70 లక్షల మంది. అవ్వాతాతల దశ 2020 ఫిబ్రవరి 18న కర్నూలులో మొదలైంది, అరవై దాటినవాళ్లకు. నెల దాటగానే లాక్‌డౌన్ వచ్చిపడింది. పిల్లలకూ ముసలివాళ్లకూ పెట్టినంత గట్టి తేదీ నడి వయసువాళ్లకు ఎవరూ పెట్టలేదు.

తేదీ అన్నాను కాబట్టి ఇంకొక సంగతి. బడిపిల్లల మొదటి పరీక్షలు అక్టోబరు 10 నుంచి 16 దాకా పెట్టారు. మన సీమలో అక్టోబరు అంటే ఏ కాలం? చెనిక్కాయ పీకే కాలం. తండా పిల్లల్లో ఎంతమంది ఆ వారం బడి బెంచీ మీద ఉంటారో టీచర్లకు నేను చెప్పాలా? క్యాలెండరు రాసినవాళ్లకు చేను తెలియదు. అట్లాంటి వారంలో హాజరుపట్టీలో పేరుండి బడిలో మనిషి లేని బిడ్డ, అర్హత ఉండి కూడా పరీక్ష లేకుండా పోతాడు.

ఇక అసలు విషయం, దగ్గరి చూపు. నలభై ఏళ్ల చుట్టుపక్కల ప్రతి మనిషికీ కంటిలోని కటకం బిగుసుకుపోతుంది. దూరాన ఉన్న గుట్ట కనపడుతుంది, చేతిలోని సూది బెజ్జం కనపడదు. ఇది జబ్బు కాదు, జుట్టు నెరిసినట్టే. మన ఇళ్లలో దీనికి ఒక గుర్తు ఉంది: యాడి దారం, సూది పట్టుకుని వాకిట్లోకి వచ్చి, ఆడుకుంటున్న పిల్లను పిలిచి 'ఎక్కించు' అంటుంది. ఆ రోజు నుంచి ఆమె అద్దాల కుట్టుపని నెమ్మదిస్తుంది. బియ్యంలో రాళ్లు ఏరడం ఆమె చేతినుంచి కోడలి చేతికి పోతుంది. పురుగుమందు డబ్బా మీది అక్షరాలు, మాత్రల అట్ట మీది తేదీ, ఆటో డ్రైవరు ఇచ్చిన చిల్లర, అన్నీ ఇంకొకరి కళ్లతో చూడాల్సి వస్తుంది. ఈతబరిక చీల్చి బుట్ట అల్లే ఎరుకల ఆడమనిషికి ఇదే కష్టం. ధర్మవరంలో మగ్గం మీద కూర్చునే నేతగాడికీ ఇదే కష్టం. అయితే అతను పట్టణంలో ఉన్నాడు, వీధి చివర అద్దాల అంగడి ఉంది. మనకు అంగడి ఉన్నచోటికి పోవడమంటే ఒక రోజు కూలి.

'అద్దాలు లేకుంటే ఏమైంది, పని చేసుకుంటూనే ఉన్నారు కదా' అనేవాళ్లకు అస్సాం తేయాకు తోటల సంగతి చెప్పాలి. నలభై దాటి, దగ్గరి చూపు తగ్గిన కూలీలు 751 మంది మీద అక్కడ ఒక పరీక్ష జరిపారు. సగం మందికి వెంటనే చవక అద్దాలిచ్చారు, మిగతా సగానికి పరీక్ష ముగిశాక ఇచ్చారు. అద్దాలు పెట్టుకున్నవాళ్లు కోసిన ఆకు, పెట్టుకోనివాళ్ల కంటే దాదాపు 22 శాతం ఎక్కువ పెరిగింది. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ఇది అచ్చయింది. ఆ తోటల్లో ఆకు కోసేవాళ్లు ఎవరు? తెల్లదొరల కాలంలో ఛోటానాగపూర్ నుంచి, ఒడిశా నుంచి, మన ఉత్తరాంధ్ర దిక్కు నుంచి తోలుకుపోయిన ఆదివాసుల మనవలూ మునిమనవలూ వాళ్లలో ఎంతోమంది. ఆకు కోసే చేతికి అద్దాలు లాభమైతే కుట్టే చేతికి, అల్లే చేతికి కాకుండా పోతుందా?

పొరుగు రాష్ట్రాన్ని కూడా చూద్దాం. తెలంగాణలో కంటి వెలుగు 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైంది, రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో. ఊరూరా శిబిరం పెట్టి, దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే చేతిలో పెట్టారు. నడి వయసువాళ్లను గేటు దగ్గర ఆపలేదు. చేయడం కుదరదు అనే మాట అక్కడే ఓడిపోయింది. కానీ అదీ శిబిరమే. శిబిరం లేచిపోయిన మరునాడు నలభైలో అడుగుపెట్టినవాడు ఏం చేయాలి? అద్దం పగిలినవాడు? కన్ను విడతల్లో మసకబారదు.

కార్డుల గేటు దగ్గరికి వస్తాను. ఆధార్ మొట్టమొదట ఎక్కడ ఇచ్చారో తెలుసా? 2010 సెప్టెంబరు 29న, మహారాష్ట్ర నందుర్బార్ జిల్లాలోని తెంభ్లీ అనే ఆదివాసీ ఊళ్లో. అప్పటినుంచి ఈ దేశంలో ఎంతోమంది ఆదివాసుల కంటిపాపను యంత్రం ముందు పెట్టించి ఫోటో తీశారు. ఆ కంటిపాప ఎవరిదో రాజ్యానికి తెలుసు. అది ఎంత దూరం చూడగలదో మాత్రం ఆ రోజు ఎవరూ అడగలేదు! అదే బల్ల దగ్గర, ఆరు మీటర్ల దూరంలో ఒక చార్టు వేలాడదీసి ఉంటే సరిపోయేది. ఇప్పుడేమో పరీక్షకు పోతే ఆధార్ ఏది, బియ్యం కార్డు ఏది, ఈ సచివాలయం పరిధేనా అని అడుగుతారు. వలసపోయి వచ్చిన కుటుంబానికి ఈ మూడింటిలో ఒకటి ఎప్పుడూ తప్పుతుంది. చూపు తగ్గిందా లేదా అన్నదొక్కటే అర్హత కావాలి. దాన్ని తేల్చడానికి చార్టు చాలు, కార్డు అక్కర్లేదు.

అర్హత గీతలు గీయడం మన దేశానికే కొత్త కాదు. బ్రిటన్‌లో 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు కళ్లద్దాలు అందరికీ ఉచితం. మూడేళ్లు తిరక్కుండానే, 1951 బడ్జెట్‌లో అద్దాలకూ కట్టుడు పళ్లకూ సగం ఖర్చు జనమే పెట్టుకోవాలన్నారు. ఆ సేవను నిలబెట్టిన అనైరిన్ బెవాన్, గని కార్మికుడి కొడుకు, తానూ పదమూడేళ్లకే గనిలో దిగినవాడు, మంత్రి పదవి వదిలేసి బయటికి నడిచాడు. అద్దాల కోసం మంత్రి రాజీనామా! మన దగ్గర ఊహించగలమా? ఇప్పుడు ఇంగ్లండులో పదహారు లోపు, అరవై పైన, తక్కువ ఆదాయం, షుగరు, నీటికాసులు అంటూ ఉచిత పరీక్షకు జాబితా ఉంది. స్కాట్లాండు 2006లో ఆ జాబితాను పక్కనబెట్టి పరీక్ష అందరికీ ఉచితం చేసింది. జాబితా తీసేయడం సాధ్యమేనని చెప్పడానికే ఇది రాశాను.

'సంతలో నూరు రూపాయలకు అద్దాలు దొరుకుతాయి, ప్రభుత్వం ఎందుకు' అని చదువుకున్న మనవాళ్లే అంటుంటారు. నేను ఆ రెడీమేడ్ అద్దాలను తిట్టను. దగ్గరి చూపుకు అవి పనికొస్తాయి, అస్సాం కూలీలకు ఇచ్చినవీ చవకవే. కానీ రెండు కళ్లకూ రెండు రకాల చూపు ఉన్నవాడికి అవి తలనొప్పి. నీటికాసులు లోపల్లోపల కంటినరాన్ని తినేస్తుంటే, షుగరు రెటీనాను పాడు చేస్తుంటే, సంతలో అద్దాలమ్మేవాడు చెప్పలేడు. పరీక్ష చేసి చెప్పాల్సిన మనిషి కావాలి. ఆ మనిషిని ఎక్కడో కొండ మీద పెట్టనక్కర్లేదు. యాభై వేల జనాభాకు ఒక విజన్ సెంటరు అన్న లెక్క ఈ దేశంలో చాలాకాలంగా ఉంది. అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం 1976 నాటిది, అంటే మనలో చాలామంది కంటే పెద్దది. పొరుగున పుట్టపర్తిలో 1991 నుంచి ఉచితంగా వైద్యం చేసే పెద్దాసుపత్రి ఉంది కదా అంటారు. ఉంది, దండం పెడతాం. అయితే ధర్మం చేసేవాళ్లు ఉన్నారు కాబట్టి హక్కు అక్కర్లేదు అనే వాదన ఒప్పుకోను.

ఆదివాసీ నిధుల మాట. ఐటీడీఏలు పాడేరు, రంపచోడవరం, సీతంపేట వైపు ఉన్నాయి. చెంచులకు శ్రీశైలంలో, యానాదులకు నెల్లూరులో ఉన్నాయి. మన జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు, ఐటీడీఏ లేదు. మైదానంలో చెల్లాచెదురుగా ఉన్న సుగాలి, ఎరుకల, యానాది కుటుంబాలు పాత అనంతపురం జిల్లాలో నూటికి నాలుగు లోపే. ఓట్ల లెక్కలో చిన్నవాళ్లం. కానీ 2013లో వచ్చిన ఉపప్రణాళిక చట్టం కొండకూ మైదానానికీ తేడా పెట్టలేదు. మన వాటా డబ్బు మన కోసమే ఖర్చు కావాలంది. రోడ్డు వేసి దాన్ని గిరిజనుల పద్దులో రాసుకునే అధికారులకు, నలభై దాటిన గిరిజనులకు కంటి పరీక్ష, అద్దాలు అనే పద్దు ఒకటి రాయడం చేతకాదా?

టీచర్లతో ఒక మాట. ఇంట్లో గోర్‌బోలి మాట్లాడే బిడ్డ తెలుగు బడికి వస్తాడు. బోర్డు మీద రాసింది చదవడు. మనం ఏమంటాం? భాష రాదు అంటాం, తండా బుర్ర అంటాం, పోయి వెనక కూర్చోమంటాం. అసలే కనపడని బిడ్డను ఇంకా వెనక్కి తోస్తాం! బుద్ధి తక్కువని రాయడానికి ముందు చూపు ఎంతో చూడాలి. అక్షరాలు రాని పిల్లలకు కాళ్లు అటూ ఇటూ తిరిగిన 'ఈ' బొమ్మల చార్టు ఉంటుంది, వేలు ఏ దిక్కుకు చూపిస్తే చాలు. అందులో తెలుగూ లేదు, గోర్‌బోలీ లేదు. బుక్కపట్నంలోనే ఉపాధ్యాయ శిక్షణ సంస్థ, మన డైట్, ఉంది. ఉమ్మడి జిల్లా టీచర్లెందరో అక్కడినుంచి వచ్చినవాళ్లే. అక్కడి ఛాత్రోపాధ్యాయులు పాఠం చెప్పడం నేర్చుకోవడానికి పల్లె బడులకు పోతారు. పోయిన మొదటి రోజు ఆ చార్టు పట్టుకుపోతే ఏమవుతుంది? చెనిక్కాయల కాలం దాటాక ఇంకోసారి పోతే?

మనవాళ్ల తప్పు కూడా రాయాలి. అద్దాలు పెట్టుకుంటే చూపు ఇంకా పోతుందని, అద్దాల పిల్లను ఎవరు చేసుకుంటారని తండాలో అంటారు. ఇచ్చిన అద్దాలు ట్రంకుపెట్టెలో పడుంటాయి. అద్దం చూపును పాడు చేయదు. తీసేసినా పెట్టుకున్నా కన్ను పెరిగేలా పెరుగుతుంది, అందుకే పిల్లలకు ఏడాదికోసారి మళ్లీ చూడాలి. 'సోడాబుడ్డి' అని పిలిచే పిల్లలను నవ్వుతూ వదిలేసే టీచరు ఆ అద్దాలను పెట్టెలోకి పంపినవాళ్లలో ఒకరు.

చదువుకున్న తండా యువతకు పని ఉంది. వచ్చే గ్రామసభకు ఒక కాగితం తయారు చేయండి. మీ తండాలో నలభై దాటినవాళ్లు ఎంతమంది, వాళ్లలో సూదిలో దారం ఎక్కించలేనివాళ్లు ఎంతమంది, అద్దాలున్నవాళ్లు ఎంతమంది. పేర్లతో, ఇల్లిల్లూ తిరిగి. కింద మూడు కోరికలు రాయండి: ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేత్ర సహాయకుడు వారంలో ఒక రోజు, అదీ సంత రోజు, తప్పకుండా కూర్చోవాలి, పరీక్షకు కార్డు అడగకూడదు, పగిలిన అద్దానికి బదులు అద్దం ఇవ్వాలి. నాయక్‌తో, ఎరుకల పెద్దతో సంతకాలు పెట్టించండి. ఆ కాగితాన్ని పైకి చదివి వినిపించాకే పెట్టించండి, ఎందుకంటే వాళ్లలో చాలామందికి అది కనపడదు.