వెండి జుట్టు, విడవని జ్వరం

ప్రశ్న: మాది సీతారామపురం. మా పాపకు పది నెలలు. మా ఇంట్లో అందరివీ నల్లని జుట్లే. పాప జుట్టు మాత్రం పుట్టినప్పటి నుంచీ వెండితీగల్లా మెరుస్తోంది. పెద్దవాళ్ళు లక్ష్మీకళ అంటున్నారు. రెండు నెలలుగా మాటిమాటికీ జ్వరం, పొట్ట ఉబ్బింది. టానిక్కులకు గుణం కనబడలేదు. మాది మేనరికం. జుట్టుకీ జ్వరానికీ సంబంధం వుంటుందా?
- ఒక సోదరి

జవాబు: వుండవచ్చు తల్లీ. ఉత్తరం చూసి జబ్బు నిర్ణయించలేను గాని, మీరు రాసిన లక్షణాలన్నీ ఒకచోట చేరితే 'గ్రిసెల్లీ' వ్యాధి కాదని తేల్చుకోవాలి. అరుదైన జబ్బే. పారిస్ వైద్యుడు గ్రిసెల్లీ, ఆయన సహచరులు 1978లో దీన్ని వర్ణించారు. ఈ రకానికి కారణమైన జన్యులోపం 2000లో తెలిసింది.

మన జీవకణాల్లో సరుకు చిన్న చిన్న సంచుల్లో ప్రయాణం చేస్తుంది. ఏ సంచి ఎటు పోవాలో చూసేవి 'రాబ్' ప్రొటీన్లు. జి.టి.పి. అనే పదార్థం వీటిలో ఇమిడినప్పుడు రెండు మెలికలు బిగుసుకుని కొక్కెంలా తయారవుతాయి. మోసే ప్రొటీన్లకు అక్కడ పట్టు దొరుకుతుంది. జి.టి.పి. విరిగితే మెలికలు సడలి, పట్టు పోతుంది.

వీటిలో 'రాబ్ 27ఏ' కు రెండు పనులున్నాయి. నల్లరంగు సంచులను కణం అంచుకు చేర్చి వెంట్రుకకు అందించడం ఒకటి. వైరస్ సోకిన కణాలను చంపే సంచులను తెల్లరక్తకణాల నుంచి విడుదల చేయించడం రెండోది. ఇది చెడితే రంగు ముద్దకట్టి జుట్టు వెండిలా కనిపిస్తుంది. రక్షకకణాలు శత్రువును చంపలేక, అదుపు లేకుండా రెచ్చిపోతాయి. జ్వరం విడవదు, కాలేయం, ప్లీహం వాస్తాయి, రక్తకణాలు తగ్గిపోతాయి. ఆలస్యం చేస్తే ప్రాణాపాయం.

కనుక ఈ వారమే నెల్లూరులో పిల్లల వైద్యనిపుణుడికి చూపించండి. వెంట్రుకను సూక్ష్మదర్శినిలో చూస్తే రంగు ముద్దలు కనిపిస్తాయి, ఖర్చు తక్కువ. రక్తపరీక్షలూ చేయించాలి. జన్యుపరీక్ష విషయంలో హైదరాబాదు నిమ్స్‌లోని జన్యువైద్య విభాగం సలహా తీసుకోవచ్చు. జబ్బు ఇదే అయితే మందులతో తాత్కాలికంగా అదుపు చేసి, ఎముకమజ్జ మార్పిడి చేయాలి. వేలూరు సి.ఎం.సి. ఆస్పత్రిలో ఆ చికిత్స వుంది.

జుట్టు రంగు మారిన ప్రతి బిడ్డకూ ఈ జబ్బున్నట్టు కాదు. పోషకాహారలోపంలోనూ రంగు తగ్గుతుంది. జుట్టు రంగు తప్ప మరే బాధా లేని రకమూ వుంది.

ఇక మేనరికం మాట. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒక్కొక్క చెడ్డ జన్యువు దాగి వుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం వుంటుంది. ఇందులో మీ తప్పుగాని, అత్తింటివారి తప్పుగాని లేదు. మరో కాన్పుకు ముందు మాత్రం జన్యువైద్యుల సలహా తప్పనిసరి.