ముద్రల సిరాకు పట్నం దాకా ఎందుకు?

నూట ఇరవై మైక్రాన్ల కంటె పలుచని ప్లాస్టిక్ సంచులపై 2022 డిసెంబరు 31 నుండి దేశమంతటా నిషేధం ఉన్నది. అది ఏ మేరకు అమలవుతున్నదో వారపు సంతకు వెళ్లి వచ్చే ప్రతివారికీ తెలుసు కనుక ఆ సంగతి ఇక్కడ ఎత్తబోవడం లేదు. నిషేధం పుణ్యమా అని గుడ్డ సంచులు కుట్టే పని కొంత మహిళా సంఘాలకు దక్కింది. ఆ సంచులపై దుకాణం పేరో, ఆలయం పేరో, పెండ్లివారి పేరో ముద్ర వేసి ఇస్తే రెండు రూపాయలు ఎక్కువ వస్తాయి. చిక్కంతా ఆ ముద్ర దగ్గరే ఉన్నది. నిజామాబాదు బజారులో కొన్న స్టాంపు ప్యాడు సిరాతో ముద్ర వేస్తే, తడి కూరగాయలు వేసిన మొదటి రోజే ఊదారంగు కారి పక్కనున్న బట్టలకు అంటుతున్నది. సంచి తెచ్చుకున్నవారు కుట్టినవారిని తిడతారే గాని సిరాను తిట్టరు.

నిజానికి తప్పు సిరాది కూడా కాదు. ఆఫీసు సిరాను కాగితం కోసం తయారు చేస్తారు. నీటిలో కరిగే రంగును గ్లిజరిన్ వంటి ఆరని ద్రవంలో కలిపి ఉంచుతారు. గ్లిజరిన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక ప్యాడు నెలల తరబడి ఎండిపోదు. కాగితంపై పడగానే ద్రవం లోనికి ఇంకిపోయి రంగు పైన నిలుస్తుంది. నీటిలో కరిగే రంగు నీరు తగిలితే పోకుండా ఎట్లా ఉంటుంది? కాగితం సిరాతో గుడ్డ పని చేయించబోవడమే పొరపాటు.

గుడ్డపై పోని నలుపు ముద్ర వేయడం తెలుగువారికి కొత్త విద్యేమీ కాదు. కృష్ణా జిల్లా పెడనలో, మచిలీపట్నం ప్రాంతంలో కలంకారీ అద్దకం పనివారు టేకు అచ్చులతో తరతరాలుగా చేస్తున్న పని ఇదే. వారి ముందుండే పళ్లెం పెద్ద స్టాంపు ప్యాడే అనుకోవచ్చు. అందులో గోనె, కంబళి వంటివి పొరలుగా పరచి రంగు పోస్తారు. అచ్చును దానిపై అద్ది గుడ్డపై మోపుతారు. ఆ నల్లరంగుకు కావలసినవి ఇనుము, బెల్లం, నీళ్లు, కరక్కాయ. శ్రీకాళహస్తిలో కలంతో బొమ్మలు గీసేవారి నలుపు కూడా ఈ సరుకులతోనే తయారవుతుంది.

ఈ నాలుగింటిలో మన ప్రాంతంలో దొరకనిది ఏది? 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు మంజీర నీటిని ఈ నేలకు మళ్లించింది. ఆ నీటిని, ఆ చెరకును నమ్ముకునే 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ లే ఆఫ్ ప్రకటించి మూతపడిన తర్వాత చెరకు తగ్గి వరి పెరిగిన మాట నిజమే. అయినా బెల్లం వండటం మనకు ఇంకా మరుపు రాలేదు. కమ్మరి కొలిమి దగ్గర, ట్రాక్టరు మెకానిక్కు షెడ్డు దగ్గర తుప్పు ఇనుము కుప్పలుగా పడి ఉంటుంది. కరక్కాయ ఏ కిరాణా కొట్లో అడిగినా ఇస్తారు.

ఇక చేసే తీరు. కిలో తుప్పు ఇనుము ముక్కలను, పాత మేకులను ముందుగా నిప్పుల్లో కాల్చి నూనె మరకలు పోగొట్టాలి. వాటిని మట్టికుండలో వేసి, పావుకిలో బెల్లం కరిగించిన మూడు నాలుగు లీటర్ల నీటిని పోయాలి. అల్యూమినియం గిన్నె పనికిరాదు. కుండ మూతికి గుడ్డ కట్టాలే గాని బిగించి మూయరాదు, లోపల పొంగే గాలికి దారి కావాలి. రెండు మూడు రోజులకొకసారి కర్రతో కలుపుతూ నీడలో ఉంచితే, పదిహేను ఇరవై రోజుల్లో బెల్లం పులిసి పులుపెక్కి ఇనుమును కొంత తనలోకి లాక్కుంటుంది. ఆ నీటిని వడగట్టి, నానబెట్టిన తుమ్మ బంక కలిపి పలుచని గంజి మాదిరి చేస్తే ముద్రకు సిద్ధం. వాసన మాత్రం భరించవలసిందే.

ఈ నీటిని ఉత్త గుడ్డపై అద్దితే తుప్పు మరక తప్ప మరేమీ కనిపించదు. ముందుగా గుడ్డను ఉతికి గంజి పోగొట్టి, కరక్కాయ పొడి నానిన నీటిలో ముంచి ఆరబెట్టాలి. కరక్కాయలోని వగరు, కుండలోని ఇనుము ఒకటినొకటి తాకినప్పుడే నలుపు పుడుతుంది. వేసేటప్పుడు బూడిదరంగుగా ఉన్న ముద్ర చూస్తుండగానే కాటుకలా నల్లబడుతుంది. కలంకారీవారు కరక్కాయ నీటిలో గేదె పాలు కూడా కలుపుతారు. కొవ్వు వలన రంగు గుడ్డలో పక్కలకు పాకదు. ముద్ర వేసిన సంచిని ఒక రోజు ఆరనిచ్చి ధారాళమైన నీటిలో జాడించాలి. ఇనుము ఎక్కువై నిలిచిపోతే కొన్నాళ్లకు అక్కడి నూలు చివికిపోతుంది. కనుక చిక్కగా వేస్తే మంచిదన్న భ్రమ పెట్టుకోరాదు.

ఇక్కడ మనవారికి కలిగే భయం ఒకటున్నది, దానిని నవ్వి తీసివేయడానికి వీలులేదు. ఇంటి వెనుక కుండలో బెల్లం పులుస్తున్నదంటే ఇరుగుపొరుగు ఏమనుకుంటారు? గుడుంబా బట్టీలకు నల్లబెల్లం, పటిక తరలకుండా ఆబ్కారీ సిబ్బంది ఎంత గట్టి నిఘా పెట్టినదీ ఈ ప్రాంత రైతులకు అనుభవమే. ఆ నిఘా వలన గుడుంబాతో కూలిన సంసారాలు కొన్ని నిలబడిన మాటను ఎవరూ కాదనరు. అయితే తినడానికి పనికిరాని మాడు బెల్లంతో సిరా చేసుకునే ఆడవారికి, బట్టీ పెట్టేవాడికి తేడా తెలియాలి గదా! ఇనుప ముక్కలు నిండిన కుండలో సారా కాచేవాడు లేడు. సంఘం వారు ఎన్ని కుండలు, ఎక్కడ పెట్టినదీ పంచాయతీ కార్యదర్శికి రాసి ఇచ్చి, ఒక నకలును ఆబ్కారీ ఠాణాకు పంపుకొనే పద్ధతి ఉంటే సరిపోతుంది. దానికి పెద్ద జీవోలు అక్కరలేదు. అధికారులు ఒక మాట చెబితే చాలు.

గుడ్డ సంగతి అట్లుండగా, బడిపిల్లల ముద్రల సంగతి వేరు. బెండకాయను అడ్డంగా కోసి, ఆలుగడ్డపై చాకుతో పువ్వు చెక్కి, తెగిన హవాయి చెప్పు అడుగును కత్తిరించి ముద్రలు వేయని పిల్లలు ఉంటారా? దీనికోసం కుండలు పులియబెట్టే పని లేదు. కాటుక పట్టినట్టే ఆముదం దీపంపై ఇత్తడి పళ్లెం బోర్లించి మసి పట్టాలి. మసి నీటిలో తేలిపోతుంది గాని కలవదు. కనుక చిక్కని తుమ్మ బంక నీటితో రోట్లో వేసి నూరాలి. ఎంత నూరితే అంత మంచి సిరా, పంతులుగారికి కూడా ఆ కొంచెంసేపు తరగతి నిశ్శబ్దంగా దొరుకుతుంది. అందులో మందుల దుకాణంలో దొరికే గ్లిజరిన్ నాలుగో వంతు, బూజు పట్టకుండా ఒక చుక్క లవంగ నూనె కలపాలి. గ్లిజరిన్‌కు బదులు బెల్లం పాకం పోసినా ప్యాడు తడిగానే ఉంటుంది, కాని తెల్లవారేసరికి చీమలబారు ముద్రలు వేస్తుంది.

ప్యాడుకు మన గొంగడి ముక్కను మించినది లేదు. చిరిగిన గొంగడి నుండి రెండు పొరలు కత్తిరించి, మూత ఉన్న రేకు డబ్బాలో పరచి, పైన పాత ధోవతి గుడ్డ బిగించి కుట్టాలి. ఉన్ని సిరాను పట్టి ఉంచి కొంచెం కొంచెంగా పైకి వదులుతుంది. సిరా పోసి ఒక రాత్రి ఊరనిచ్చి వాడుకోవాలి.

పసుపు పండే జిల్లాలో పసుపుతో ముద్రలు ఎందుకు వేయరాదని అడుగుతారు. వేయవచ్చును, చూడడానికి ఎంతో బాగుంటుంది. కాని పసుపు రంగు ఎండకు నిలవదు, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. సంచులకు పనికిరాని ఈ గుణమే తరగతి గదిలో పాఠం. పసుపు ముద్రపై సున్నపు తేట పూసి ఎర్రగా మారడం చూసిన పిల్లవానికి, పసుపూ సున్నమూ కలిస్తే పారాణి ఎట్లా అవుతుందో, ఆమ్లమంటే ఏమిటో, క్షారమంటే ఏమిటో పుస్తకం తెరవకుండానే బోధపడుతుంది. హోలీకి మన పల్లెల్లో ఉడకబెట్టే మోదుగపూల రంగుకు కొంచెం పటిక వేసి చూడమని సైన్సు మాస్టార్లకు మనవి.

ఇంత చెప్పి ఒక హెచ్చరిక చేయకపోతే అన్యాయమవుతుంది. ఈ ఇంటి సిరాలను అప్పు కాగితాలపై, భూమి పత్రాలపై, సొసైటీ రసీదులపై వేలిముద్రలకు వాడరాదు. వేలిముద్రకు ఇంటి సిరా సరిపోయిన రోజు ఒకటి ఉండేది. 1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే తెల్లదొర, రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పంద పత్రంపై అరచేతి ముద్ర వేయించుకున్నాడు. అప్పుడు పూసినది తన కచేరీ ముద్ర కోసం ఇంటిలో చేయించుకున్న నూనె సిరాయే. అక్కడ నుండి పెరిగిన విద్యతోనే 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ఇప్పుడు రేషను దుకాణంలో మనం వేలు పెట్టే యంత్రానికి సిరాయే అక్కరలేదు. కాని కాగితంపై వేసే వేలిముద్రలో గీతలు విడివిడిగా పడాలి, ఏండ్ల తరబడి నిలవాలి. బంక సిరా తడికి చెదురుతుంది, పసుపు వెలిసిపోతుంది. అటువంటి ముద్రపై తగాదా వస్తే నష్టపోయేది చదువు రానివారే. నూనె సిరాను రబ్బరు స్టాంపుకు వాడినా రబ్బరు ఉబ్బి అక్షరాలు చెడిపోతాయి. ఇత్తడి ముద్రకైతే బెంగలేదు.

ఈ సిరాతో సంఘాలవారి బతుకులు మారిపోతాయని, మూతపడిన ఫ్యాక్టరీ బదులు కుండలు అన్నం పెడతాయని చెప్పబోవడం లేదు. అట్లా చెప్పేవారు ఏ శిక్షణ శిబిరంలోనో కనబడితే నమ్మవద్దు. సంచి మీద వచ్చే ఆ రెండు రూపాయలు సీసాల ఖర్చుకు పోకుండా, ముద్ర కారిపోయి సంచులు తిరిగి రాకుండా ఉంటే అదే లాభం. సంఘాలకు శిక్షణ పేరిట ఏటా ఏదో ఒకటి నేర్పుతూనే ఉన్నారు. కొవ్వొత్తులు, అగరొత్తులు నేర్చి సరుకు అమ్ముకోలేక మానుకున్నవారు చాలామంది. ఆ డబ్బులో కొంతతో పెడన నుండి ఒక అద్దకం పనివాడిని పిలిపించి వారం రోజులు బోధన్‌లోనో వర్నిలోనో కూర్చోబెడితే, కాగితంపై రాయలేని కిటుకులు చేతికి వస్తాయి. కుండ ఎప్పుడు సిద్ధమైనదో వాసన చూసి చెప్పడం అటువంటి కిటుకే.

బడుల విషయంలో అడగవలసినది ఇంకా తక్కువ. చేతిపనుల పీరియడు చాలా చోట్ల టైంటేబులులో ఉండి తరగతిలో లేదు. ఆ గంటను లెక్కల సారు తీసుకొంటున్నారు. వారానికి ఒక్క పీరియడు దానికే వదిలి, గ్లిజరిన్ సీసాకు, తుమ్మ బంకకు అయ్యే కొద్ది రూపాయలు బడి గ్రాంటు నుండి ఖర్చు పెట్టుకోవచ్చని మండల విద్యాధికారులు ప్రధానోపాధ్యాయులకు స్పష్టంగా తెలియజేయాలి. కుండ పెట్టదలచిన సంఘాలు ఎండాకాలంలోనే మొదలు పెట్టుకోవడం మేలు. ఎండలకు బెల్లం త్వరగా పులుస్తుంది, అద్దిన గుడ్డలు ఒక్క పూటలో ఆరుతాయి.