గరికకు ముహూర్తం మృగశిర దాటాకే

మన దగ్గర గృహప్రవేశాలకు ముహూర్తాలు ఎక్కువగా మాఘం నుంచి వైశాఖం దాకా కుదురుతాయి. ఇంటి పని ఎంత వెనకబడ్డా ఆ రోజుకు పెరట్లో పచ్చగా ఏదో ఒకటి కనబడాలని ఇంటివాళ్ల ఆరాటం. అందుకే కరీంనగర్, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్ కొత్త కాలనీల్లో లాన్ వేసే కాలం కూడా అదే అయిపోయింది. ఎండలు ముదిరే వేళకు నర్సరీ నుంచి గడ్డి పలకలు బండిలో దిగుతాయి, ఒక్క పూటలో పెరడంతా పరచుకుంటాయి, చుట్టాలు ఫొటోలు దిగుతారు. జూన్ నాటికి అందులో సగం మాడిపోతుంది. ఈ ఎండలకు ఇక్కడ గడ్డి బతకదని తేల్చేసి ఇంటాయన బండలు పరిపిస్తాడు. ఈ నేలలో గడ్డి బతకదనడమే వింత. పత్తి చేన్లో, మక్క చేన్లో గరికను చంపలేక రైతులు తరతరాలుగా అలసిపోతున్న జిల్లాలివి. తప్పు మనం ఎంచుకున్న కాలంలో ఉంది, రకంలో ఉంది. పెరట్లో గడ్డి కావాలనుకుంటే గరిక గింజలు తెచ్చి వానాకాలం మొదట్లో చల్లుకోవాలి, అప్పటిదాకా పెరడు బోసిగా ఉన్నా ఓర్చుకోవాలి.

ముందు నీళ్ల లెక్క చూద్దాం. నూట ఇరవై గజాల పెరడంటే సుమారు 100 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే అది ఒక లీటరు. మే నెలలో రామగుండం, ఆదిలాబాద్‌లలో ఎండ 45 డిగ్రీలు తాకుతున్నప్పుడు, కొత్తగా పరిచిన గడ్డికి రోజుకు ఐదు మిల్లీమీటర్ల తడి చాలనుకున్నా 500 లీటర్లు కావాలి. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అందాలన్నది కేంద్రం పెట్టుకున్న ప్రమాణం. అంటే దాదాపు నలుగురు మనుషుల నీళ్లు ఒక్క పెరడు తాగేస్తుంది, అదీ దిగువ మానేరులో నీటి మట్టం పడిపోయే నెలల్లో. పలకలుగా కోసుకొచ్చిన గడ్డికి వేరు ఒకటి రెండు అంగుళాలకు మించి ఉండదు. కింది నేలలోకి వేరు దిగేదాకా ఒక్క రోజు తడి తప్పినా అది ఓర్చుకోలేదు. వైశాఖంలో పరిచినవాళ్లు నీళ్లు పోయక తప్పని స్థితి తమకు తామే తెచ్చుకుంటున్నారు.

గరిక సంగతి వేరు. మక్క, జొన్నల మాదిరిగానే అది ఎండ కాచేకొద్దీ చురుగ్గా ఆహారం తయారుచేసుకునే జాతి. నేల మీద పాకే కాడలు, నేల కింద పాకే కాడలు రెండూ ఉంటాయి. గుంటుక తోలితే ముక్కలై ప్రతి కణుపు నుంచీ మళ్లీ లేస్తుంది. చేన్లో రైతును ఏడిపించే ఆ గుణమే పెరట్లో మనకు కావలసింది. ఎండాకాలంలో నీరందకపోతే పైన గోధుమ రంగుకు తిరిగి పడుకుంటుంది, తొలకరి పడగానే లేస్తుంది. ఆదిలాబాద్ చలి పది డిగ్రీల లోపుకు దిగినప్పుడూ అంతే, పెరగడం మానేస్తుంది. చచ్చిపోయిందని కంగారుపడి యూరియా చల్లేవాళ్లు ఎరువు దండగ చేసుకోవడమే. ఏడాదంతా పచ్చగా ఉండాలన్న పట్టుదల వదిలేస్తే ఖర్చులో చాలా భాగం అక్కడే తప్పుతుంది.

గింజతో పెద్ద తలనొప్పి అనేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలో నిజముంది. గ్రాముకు నాలుగు వేల దాకా తూగే గింజ అది. చీమలు ఎత్తుకుపోతాయి, పెద్ద వాన పడితే మూలకు కొట్టుకుపోతుంది, లోతుగా పడితే మొలవదు. కానీ ఇవన్నీ మందుతో, మిషన్‌తో పనిలేని చిక్కులు. మే ఎండ ఎలాగూ ఊరికే పోతున్నది, దాన్ని పనికి పెట్టుకోవచ్చు: నేల తవ్వి, తుంగ గడ్డలు ఏరి, తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా కప్పి నెల రోజులు ఉంచితే పై మట్టిలోని కలుపు గింజలు చాలావరకు మాడిపోతాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఇందుకు బాగా అక్కరకొస్తుంది. మృగశిర దాటి నాలుగు వేళ్ల లోతు తడిశాక చదరపు మీటరుకు 3 నుంచి 5 గ్రాముల గింజను ఇసుకలో కలిపి, సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లి, పైన జల్లెడ పట్టిన పశువుల ఎరువు పల్చగా వేసి, వరిగడ్డి కప్పితే వాన దెబ్బకు నిలుస్తుంది. ఒకటి నుంచి మూడు వారాల్లో మొలక. నూట ఇరవై గజాలకు అరకిలో గింజ మించదు. కరీంనగర్ వైపు ఎర్ర చెలకల్లో ఇది తేలికే. ఆదిలాబాద్ నల్లరేగడి ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బుతుంది కాబట్టి పైన నాలుగంగుళాల మేర ఇసుక, ఎరువు కలపక తప్పదు, నీరు నిలవకుండా వాలూ ఉండాలి. కాలువ గట్టున గరిక పుణ్యానికి దొరుకుతుంటే గింజ కొనడమెందుకన్న ప్రశ్నా సమంజసమే. కాడలు నాటినా గరిక వస్తుంది. దాంతో పాటు తుంగ కూడా ఇంటికొస్తుంది, ఒకసారి దిగాక దాన్ని తీయడం ఎవరి తరమూ కాదు.

అసలు గడ్డి మన ఆచారమే కాదు, అలుకు చల్లి ముగ్గేసిన వాకిలే మనదన్న అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. నిజమే, లాన్ చల్లటి దేశాల నుంచి దొరలతో వచ్చిన సరదా. కూరగాయలు వేసుకునే ఓపిక ఉన్నవాళ్లు ఆ పెరట్లో బీర పాదు, వంకాయ మడి పెట్టుకుంటే అంతకంటే మంచి పని లేదు. కానీ కరీంనగర్‌లో గడ్డికి అసలు పోటీ వాకిలితోనూ కాదు, వంకాయతోనూ కాదు. గ్రానైట్ క్వారీల జిల్లా ఇది. బండకు కరువు లేదు కనుక గోడ నుంచి గోడ దాకా బండ పరచడమే రివాజైంది. ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన లెక్కన 100 చదరపు మీటర్ల మీద 90 వేల లీటర్లు పడతాయి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పద్దెనిమిది. బండ మీద పడింది రోడ్డు మీదికి, మోరీలోకి పోతుంది. గరిక ఉన్న నేల అందులో చెప్పుకోదగ్గ భాగం తాగుతుంది. అదే ఇంటివాళ్లు ఏప్రిల్‌లో బోరు ఎండిందని ట్యాంకరుకు ఫోన్ చేస్తుంటారు.

ఇక పాముల భయం. గడ్డి మోకాలెత్తు పెరిగితే భయపడాల్సిందే. రెండంగుళాల మీద కత్తిరించిన గరికలో పాము దాక్కోలేదు. గోడ వారన పేర్చిన ఇటుకలు, విరిగిన బండ ముక్కలే దానికి నచ్చిన చోటు. మామిడి, వేప నీడన గరిక ఎలాగూ నిలవదు, అక్కడ పట్టుబట్టడం అనవసరం. గోడ వెంట ఒక మూరెడు పట్టీని మాత్రం కోయకుండా వదిలి, అందులో గునుగు, తంగేడు గింజలు వేసుకోవచ్చు. చేలల్లో కలుపు మందులు పెరిగాక బతుకమ్మకు గునుగు కోసం ఊరి బయట చాలా దూరం తిరగాల్సి వస్తున్నది. గరికతో పాటే చల్లిన గునుగు భాద్రపదం చివరికి, ఎంగిలిపూల నాటికి, తెల్లగా పూసి ఉంటుంది. తంగేడుకు ఇంకో ఏడాదో రెండేళ్లో పడుతుంది.