ఒక్క రక్తపరీక్షతో తేలేది కాదు



తొలి నెలల గర్భంలో రక్తస్రావంపై గత సంచికలో వచ్చిన వ్యాసం, సింగపూర్‌ కేకే స్త్రీ శిశు ఆసుపత్రి పరిశోధకులు ప్రతిపాదించిన ప్రొజెస్టరాన్ పరీక్షను, అంటే గర్భాన్ని నిలిపే హార్మోన్ రక్తంలో ఎంతుందో చూసే పరీక్షను, తుది తీర్పుగా చూపడం సరికాదు. లీటరుకు 35 నానోమోల్ అన్న హద్దు గర్భస్రావ ముప్పు ఎక్కువున్నవారిని గుర్తించడానికి గీసిన గీతే తప్ప, దానికి దిగువనున్న ప్రతి గర్భమూ పోతుందని చెప్పదు. పైగా పిండం గర్భసంచిలో ఉందా, ఫాలోపియన్ నాళంలో చిక్కుకుందా అన్న ప్రాణాపాయపు ప్రశ్నకు ఆ అంకె జవాబివ్వలేదు. అది యోని ద్వారా చేసే స్కానింగులో, అక్కడా తేలకపోతే గర్భం వల్ల పుట్టే హెచ్‌సీజీ హార్మోన్‌ను 48 గంటల ఎడంతో మళ్లీ కొలిచి, తిరిగి స్కాన్ చేస్తేనే తేలుతుంది.

స్కానింగులోనూ తొందర కూడదు. పిండం 7 మిల్లీమీటర్లకు చేరినా గుండె కదలిక లేనప్పుడో, పిండం కనిపించని గర్భతిత్తి సగటు వ్యాసం 25 మిల్లీమీటర్లకు చేరినప్పుడో తప్ప ఒక్క స్కానుతో గర్భం పోయిందని తేల్చరాదనీ, అంతకు తక్కువైతే వారం పది రోజులాగి మళ్లీ చూడాలనీ 2013లో వెలువడిన ప్రమాణాలు చెబుతున్నాయి.

ప్రొజెస్టరాన్ చికిత్సపైనా వ్యాసం అతిగా ఆశపెట్టింది. బ్రిటన్‌లో 4,153 మందిపై జరిగి 2019లో వెలువడిన ప్రిజం పరిశోధనలో మొత్తంమీద చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు, మునుపు గర్భస్రావాలైనవారిలోనే మేలు సూచనలు కనిపించాయి.

రక్తస్రావంతో పాటు తీవ్రమైన కడుపునొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరగడం ఉంటే, అవి నాళంలో చిక్కుకున్న గర్భానికి సంకేతాలు కావచ్చు కనుక, స్వదేశంలోని ఇంటి డాక్టరుకు వాట్సాప్‌లో రిపోర్టులు పంపి ఎదురుచూడకుండా, సింగపూర్‌ తెలుగు కుటుంబాలు వెంటనే అంబులెన్స్ నంబరు 995కు ఫోన్ చేయాలి.