జలుబుకు మూడు మాత్రలు

ఈ మాట రాయడానికి నాకు అర్హత తక్కువే. కొన్నేళ్ళ క్రితం వరకూ గొంతు పట్టేస్తే, ఆదివారం వాక్యం చెప్పాలి కదా అని మందుల షాపుకు వెళ్ళి అజిత్రోమైసిన్ మూడు మాత్రలు చీటీ లేకుండానే కొనేవాణ్ణి. మూడో రోజుకు తగ్గేది. మాత్ర గొప్పతనమే అనుకొనేవాణ్ణి. జలుబు, దగ్గుల్లో చాలావరకు వైరస్ వల్ల వచ్చేవే. వాటిని యాంటీబయాటిక్ ఏమీ చేయలేదు. మాత్ర వేయకపోయినా తగ్గేవే.

కానీ ఆ మాత్ర ఊరికే పోదు. న్యుమోకాకస్ అనే బాక్టీరియా ఆరోగ్యంగా ఉన్నవారి ముక్కులో, గొంతులో, ముఖ్యంగా పసిపిల్లల్లో, జబ్బు చేయకుండానే ఉంటుంది. అజిత్రోమైసిన్ మింగడం ఆపాక కూడా కొన్ని రోజులు ఒంట్లో నిలుస్తుంది. దానికి లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి ఖాళీ అయిన చోటంతా పెరుగుతాయి. "ఈ మందు నా ఒంటికి అలవాటైపోయింది, పవర్ ఎక్కువున్నది ఇవ్వండి" అంటుంటాం. అలవాటు పడింది ఒళ్ళు కాదు, క్రిమి. అది మనతోనే ఆగదు. మనవడి తుమ్ముతో తాతయ్యకు, ఆరాధనలో పక్క చాప మీదున్న చంటిబిడ్డకు చేరుతుంది. వారికి నిజంగా న్యుమోనియా వచ్చిన రోజున అదే మందు పనిచేయదు.

మందులకు లొంగని బాక్టీరియాతో ముడిపడిన మరణాలు 2019లో ప్రపంచమంతటా సుమారు 49.5 లక్షలని 2022లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనం అంచనా. వాటిలో 15 లక్షలకు పైగా ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లవే. మరే జబ్బుకూ అంత లెక్క లేదు.

చట్టం లేక కాదు. 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 నిబంధన ఉంది. సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్ లాంటివి అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. ఆ రిజిస్టరు తెరవగా నేనైతే చూడలేదు. షాపువాణ్ణి అనడం తేలిక. డాక్టరు దగ్గరికి వెళ్తే ఫీజుతో పాటు ఆ పూట కూలీ పోయే ఇంటివారిని ఏమనగలం?

ప్రియులారా, మందులే మానేసి ప్రార్థన చాలనేవారికి ఈ రాత ఊతం కాకూడదు. బాక్టీరియా వల్ల వచ్చిన న్యుమోనియాకు యాంటీబయాటిక్ కావాలి, అదీ త్వరగా. ఏడాది దాటిన, ఐదేళ్ళ లోపు బిడ్డ నిమిషానికి 40 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. న్యుమోకాకస్ టీకా ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది. మీ బిడ్డ కార్డులో ఆ మూడూ పడ్డాయో లేదో ఈరోజే చూడండి.